ఆఫ్రికా విద్యార్థుల సంఘాన్ని రిజిస్ట్రేషన్ అడగకండి, గుర్తింపు లేఖ ఇవ్వండి

హైదరాబాద్‌లోని విశ్వవిద్యాలయాల, కళాశాలల విదేశీ విద్యార్థి విభాగాల అధికారులకు బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

ఆఫ్రికా దేశాల విద్యార్థులు నలుగురు కూడి, సంఘం పెట్టుకుంటాం, సమావేశానికి ఒక గది ఇవ్వండి అని వచ్చినప్పుడు వాళ్లకు ఎదురయ్యే మొదటి ప్రశ్న ‘రిజిస్ట్రేషన్ ఉందా?’ అనే. పని అక్కడే ఆగిపోతోంది. అడగడంలో చెడు ఉద్దేశం లేదు, కాగితం ఉంటే బాధ్యత ఉంటుందన్న నమ్మకమే ఉంది. కానీ ఈ విషయంలో ఆ కాగితం బాధ్యత తేదు, చిక్కులు తెస్తుంది. విదేశీ విద్యార్థి సంఘాలకు నిబంధనావళి రాయడంలో, లెక్కలు చూడడంలో, వీసా కాగితాలు సర్దడంలో సాయపడేవాళ్లం మేం. చిక్కు ఎక్కడుందో, దాని బదులు ఏం చేయవచ్చో వివరంగా చెబుతాం.

తెలంగాణలో సంఘం రిజిస్టర్ చేయాలంటే 2001 నాటి 35వ చట్టం, అంటే సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కిందికి రావాలి. కనీసం ఏడుగురు కావాలి, ఆశయ పత్రం, బైలా కావాలి. ఇంతవరకు కష్టం లేదు. ఏటా సర్వసభ్య సమావేశం జరిపి, కొత్త కార్యవర్గం జాబితాను రిజిస్ట్రార్‌కు పంపుతూ ఉండాలి. కష్టం ఇక్కడ మొదలవుతుంది. పీజీ విద్యార్థి ఉండేది రెండేళ్లు. సంతకాలు పెట్టిన ఏడుగురూ మూడో ఏటికి తలో దేశం చేరిపోతారు. జాబితా వెళ్లదు, సంఘం కాగితం మీద బతికి ఉంటుంది, దాని తరఫున సంతకం పెట్టేవాడు మాత్రం ఇక్కడ ఉండడు. తర్వాత వచ్చిన విద్యార్థులు అదే పేరుతో పని చేద్దామంటే పాత ఫైలు అడ్డం. కొత్త పేరుతో పెడితే రెండేళ్లకు మళ్లీ అదే కథ.

ఇంతకంటే పెద్ద చిక్కు డబ్బుది. విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, 2010 ప్రకారం విదేశీ పౌరుడు ఇచ్చే విరాళం విదేశీ విరాళమే. అతను హైదరాబాద్‌లో ఉండి, రూపాయల్లో ఇచ్చినా అంతే. డాలర్లు వస్తేనే విదేశీ విరాళమనీ, తోలిచౌకీలో గది అద్దెకుంటున్న కుర్రాడు ఫోన్‌పేలో పంపిన అయిదు వందలు దాని కిందికి రావనీ చాలామంది అనుకుంటారు. చట్టం చూసేది నోటు ఏ దేశానిదని కాదు, ఇచ్చినవాడి పౌరసత్వం ఏదని. అలాంటి విరాళం తీసుకోవాలంటే సంస్థకు ఆ చట్టం కింద మళ్లీ రిజిస్ట్రేషన్ కావాలి. దానికి సంస్థ పుట్టి మూడేళ్లు నిండాలి, గడిచిన మూడు ఆర్థిక సంవత్సరాల్లో తన ఆశయాల మీద కనీసం 15 లక్షల రూపాయలు ఖర్చు పెట్టి ఉండాలి. విరాళాలు పడే ఖాతా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోనే ఉండాలి. ఏటా లెక్క పంపాలి. జ్వరం వచ్చిన స్నేహితుణ్ని ఆసుపత్రిలో చేర్చడానికి చందా వేసుకునే పిల్లలకు ఇదంతా సాధ్యమయ్యే పని కాదు. అంటే మనం అడిగిన కాగితం తెచ్చుకున్న మరుక్షణం వాళ్లు తెలియకుండానే ఒక కేంద్ర చట్టాన్ని ఉల్లంఘించే దారిలో పడతారు.

రిజిస్ట్రేషన్ లేకుండా చందా ఒకరి సొంత ఖాతాలో వేసుకోవడం ఇప్పుడు నడుస్తున్న పద్ధతి. అదీ మంచిది కాదు. కోశాధికారికి ఉండేది విదేశీ విద్యార్థులకిచ్చే ఎన్ఆర్ఓ ఖాతా. రెసిడెన్స్ పర్మిట్ గడువు దాటిందంటే, కొత్తది చూపేదాకా బ్యాంకు ఖాతాను ఆపేయవచ్చు. అందరి డబ్బూ అందులోనే ఉండిపోతుంది. చదువు అయిపోయి అతను విమానం ఎక్కితే ఖాతా మూయాలి, మిగిలిన డబ్బు ఎవరికివ్వాలో రాసిపెట్టిన కాగితం ఉండదు. దొంగతనం జరగకపోయినా నింద మాత్రం మిగులుతుంది. సంఘాలు విడిపోవడానికి మేం గమనించిన కారణాల్లో దేశాల మధ్య గొడవలకంటే ఇదే ఎక్కువ.

దారి మీ చేతిలోనే ఉంది. విద్యాసంస్థ విదేశీ విద్యార్థి దగ్గర తీసుకునే ఫీజు విదేశీ విరాళం కిందికి రాదని అదే 2010 చట్టం విడిగా చెప్పింది. కాబట్టి సెమిస్టర్ ఫీజుతో పాటే విదేశీ విద్యార్థుల సంక్షేమ రుసుం అని 500 రూపాయలు తీసుకోండి. 200 మంది ఉంటే లక్ష రూపాయలు. దాన్ని మీ లెక్కల్లో వేరే పద్దు కింద ఉంచి, సంఘం తీర్మానం చేసి అడిగినప్పుడు విడుదల చేయండి. రశీదు మీది, ఆడిట్ మీది, ఖర్చు నిర్ణయం వాళ్లది. మీ ఆర్థిక విభాగం ఒక ఉత్తర్వు తీస్తే సరిపోతుంది. కోశాధికారి మారినా డబ్బు కదలదు.

ఇక గుర్తింపు లేఖ. అమెరికా విశ్వవిద్యాలయాల్లో మన పిల్లలు ఉగాది, దీపావళి చేసుకునే విద్యార్థి సంఘాలు ఏ రాష్ట్ర ప్రభుత్వం దగ్గరా రిజిస్టర్ చేసుకుని పుట్టినవి కావు. ఒక నిబంధనావళి, చదువుతున్న విద్యార్థులే అయిన కార్యవర్గం, ఒక అధ్యాపక సలహాదారు ఉంటే విశ్వవిద్యాలయమే గుర్తిస్తుంది. హాలు ఇస్తుంది, కొంత సొమ్మూ ఇస్తుంది. తానా లాంటి పెద్ద సంఘాలు వేరు. అవి అక్కడ స్థిరపడి, ఇళ్లు కొనుక్కున్న పెద్దలు 1977 నుంచి పెంచుకుంటూ వచ్చినవి. రెండేళ్ల వీసా మీద ఉన్న విద్యార్థి సంఘానికి ఆ కొలత పెట్టకూడదు. మన పిల్లలకు అక్కడ దొరుకుతున్నదే ఇక్కడికి వచ్చిన పిల్లలకు ఇవ్వమంటున్నాం.

లేఖ ఒక పేజీ చాలు. సంఘం పేరు, ఏ విద్యా సంవత్సరానికి గుర్తింపు, అధ్యక్ష, కార్యదర్శి, కోశాధికారుల పేర్లు, అధ్యాపక సలహాదారు పేరు, నెలకు రెండుసార్లు ఏ గది ఏ వేళకు వాడుకోవచ్చు, అత్యవసరమైతే విశ్వవిద్యాలయంలో ఎవరికి ఫోన్ చేయాలి, ఇంతే. కార్యవర్గం మారినప్పుడల్లా కొత్త లేఖ ఇవ్వాలి. తారీఖు లేని లేఖ, గడువు రాయని లేఖ ఇవ్వకండి. పాత అధ్యక్షుడు మూడేళ్ల తర్వాత కూడా అదే లేఖ పట్టుకుని ఇంటి యజమాని దగ్గరికో రాయబార కార్యాలయానికో వెళ్లే ప్రమాదం ఉంది.

నిబంధనావళి ఎలా ఉండాలన్నది సంఘం నిలబడుతుందా లేదా అన్నది తేల్చే విషయం, అందుకే కొంచెం ఆగి చెప్పాలి. ఆఫ్రికా ఒక దేశం కాదు, 54 దేశాలు. నైజీరియా, కెన్యా, టాంజానియా వాళ్లకు ఇంగ్లిష్ చదువు భాష. చాద్, జిబూతీ వాళ్లకు ఫ్రెంచ్, అరబిక్. మొజాంబిక్, అంగోలా వాళ్లకు పోర్చుగీసు. తలల లెక్కన ఓటు పెడితే ఎక్కువ మంది ఉన్న దేశమే ఏటా గెలుస్తుంది, రెండో ఏటికి మిగతావాళ్లు రావడం మానేస్తారు. అందుకని దేశానికి ఒక సీటు చొప్పున మండలి ఉండాలి. అయిదుగురికంటే తక్కువ ఉన్న దేశాలు రెండు మూడు కలిసి ఒక సీటు తీసుకోవచ్చు. ఎవరితో కలవాలన్నది వాళ్లే చెప్పాలి, మ్యాపు చూసి మనం కలపకూడదు. ఎరిత్రియా, ఇథియోపియా పక్కపక్క దేశాలే. వాటి మధ్య జరిగిన యుద్ధాలు తెలిసినవాళ్లెవరూ ఆ విద్యార్థులను అడక్కుండా ఒక సీటులో కూర్చోబెట్టరు. దక్షిణ సూడాన్ 2011లో వేరే దేశమైంది. మీ దరఖాస్తుల్లో ఇప్పటికీ ఆ పేరు లేకపోతే ముందు దాన్ని సరిచేయండి.

అధ్యక్షుడు ఒక దేశం, కోశాధికారి ఇంకో దేశం, కార్యదర్శి మూడో దేశం. కార్యవర్గంలో మూడో వంతు మహిళలు ఉండాలి, వాళ్లలో ఒకరి చేతిలో సంతకం అధికారం ఉండాలి. హాస్టల్లో వేధింపు జరిగినప్పుడు అమ్మాయిలు చెప్పుకునేది ఆమెతోనే. సమావేశం నోటీసు 14 రోజుల ముందు, ఇంగ్లిష్‌తో పాటు ఫ్రెంచ్, అరబిక్‌లలో రావాలి. ఇక్కడి ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో ఈ భాషలు చదివే మన విద్యార్థులున్నారు, తర్జుమాకు వాళ్లను అడగవచ్చు. కోరం మూడో వంతు. అది చాలకపోతే అరగంట ఆగి, వచ్చినవాళ్లతో నడపవచ్చు, కానీ డబ్బు తీర్మానాలు మాత్రం ఆ రోజు చేయకూడదు.

ఎన్నికల నెల మీద అందరూ పొరబడతారు. జులై నుంచి సెప్టెంబరు వరకు కొత్తవాళ్లు వస్తారు కనుక అప్పుడే ఎన్నిక పెట్టేస్తుంటారు. అప్పటికి పాతవాళ్లు మే, జూన్‌లలోనే వెళ్లిపోయి ఉంటారు, అప్పగించడానికి మనిషి ఉండడు. ఎన్నిక ఫిబ్రవరిలో పెట్టాలి. మార్చి, ఏప్రిల్ రెండు నెలలూ పాత, కొత్త కార్యవర్గాలు పక్కపక్కన కూర్చుని పనిచేయాలి. అప్పగింతలో చేతులు మారాల్సినవి సభ్యుల రిజిస్టరు, మినిట్స్ పుస్తకం, క్యాష్ బుక్, వోచర్ల ఫైలు, రశీదు పుస్తకాల కౌంటర్‌ఫాయిళ్లు, ఈమెయిల్ పాస్‌వర్డ్, వాట్సాప్ గ్రూపు అడ్మిన్ హక్కు. చివరి రెండూ చిన్నవిగా కనిపిస్తాయి. అడ్మిన్ దేశం వెళ్లి సిమ్ మార్చేస్తే మూడు వందల మంది ఉన్న గ్రూపులోకి కొత్తవాళ్లను చేర్చే నాథుడుండడు, వీసా గడువు హెచ్చరికలు వెళ్లాల్సింది అందులోనే.

సభ్యుల రిజిస్టరులో ఏం రాయాలో ముందే అనుకోవాలి. పేరు, దేశం, కోర్సు, స్థానిక చిరునామా, రక్తపు గ్రూపు, మందులు పడకపోవడాలు, ఇంటి దగ్గర ఇద్దరి ఫోన్ నంబర్లు దేశపు కోడుతో సహా, ఆ ఇద్దరికీ వచ్చిన భాష. ఈ చివరి గడి ఎవరూ పెట్టరు. రాత్రి రెండు గంటలకు చాద్ రాజధాని ఎన్జమెనాకు ఫోన్ చేస్తే తల్లికి ఫ్రెంచ్ కూడా రాకపోవచ్చు. పాస్‌పోర్టు ప్రతులు రిజిస్టరులో కలపకండి. ప్రతి ఒక్కరిదీ అంటించిన కవరులో పెట్టి మీ విభాగంలోనే బీరువాలో ఉంచండి, తెరవాలంటే ఇద్దరు ఉండాలి.

ఇల్లు దొరకడం, వీసా పొడిగించుకోవడం రెండు వేరు సమస్యల్లా కనిపిస్తాయి గానీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఉంటాయి. 180 రోజులకు మించిన విద్యార్థి వీసా మీద వచ్చినవాళ్లు 14 రోజుల్లోగా ఎఫ్ఆర్ఆర్ఓ, అంటే విదేశీయుల ప్రాంతీయ నమోదు కార్యాలయం దగ్గర నమోదు కావాలి. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. దానికి మీ బోనఫైడ్ సర్టిఫికెట్, నివాస రుజువు కావాలి. విదేశీయుడికి ఇల్లిచ్చిన యజమాని 24 గంటల్లో ఆన్‌లైన్‌లో వివరాలు పంపాలి. ఫారం-సి అని అందరికీ తెలిసినది అదే. యజమానికి ఆ పోర్టల్‌లో లాగిన్ ఉండదు. పోలీసు వ్యవహారమేమో అని భయం, పంపడు. అది లేక విద్యార్థి నమోదు ఆగుతుంది. గడువు దాటితే జరిమానా, ఆపైన దేశం విడిచి వెళ్లేటప్పుడు అనుమతి కోసం పాట్లు. అద్దె ఒప్పందం చేతికి రాకముందే ఫారం-సి గురించి యజమానితో మాట్లాడాలన్నది సంఘం కొత్తవాళ్లకు చెప్పాల్సిన మొదటి పాఠం. జులైలో రెండు వారాలు, సాయంత్రం అయిదు నుంచి ఏడు దాకా, ఒక కంప్యూటరు, ఒక స్కానరు, తెలుగూ ఉర్దూ వచ్చిన ఒక విద్యార్థి కూర్చుంటే చాలు. తోలిచౌకీ పారామౌంట్ కాలనీ నుంచైనా తార్నాక నుంచైనా యజమానిని తీసుకొస్తే పావుగంటలో లాగిన్ తయారవుతుంది. ఒకసారి లాగిన్ ఉన్న యజమాని తర్వాతి ఏడు తనంతట తానే ఆఫ్రికా విద్యార్థికి గది ఇస్తాడు. భయపడింది మనిషిని చూసి కాదు, తెలియని కాగితాన్ని చూసి అని అప్పుడు అర్థమవుతుంది. అందరి విషయంలోనూ అంతే అని మాత్రం అనం. రంగు చూసి తలుపు వేసేవాళ్లున్నారు, అది ఒప్పుకోవాలి. 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలో నైజీరియా విద్యార్థుల మీద మూకలు చేసిన దాడి ఎవరూ మరచిపోలేదు.

2025 సెప్టెంబరు 1 నుంచి అమల్లోకి వచ్చిన వలస, విదేశీయుల చట్టం విదేశీ విద్యార్థుల వివరాలు తెలియజేసే బాధ్యతను విద్యాసంస్థల మీద పెట్టింది. బాధ్యత మీది. దాన్ని సంఘం నెత్తిన పెట్టకండి. ఎవరు గది మారారు, ఎవరు క్లాసుకు రావడం లేదు అని అధ్యక్షుణ్ని అడిగి రాసుకోవడం మొదలైన రోజున ఆ సంఘం అయిపోయినట్టే. ఒక విద్యార్థి తప్పు చేసి పట్టుబడితే సంఘాన్ని పిలిచి నిలదీయడం కూడా అలాంటిదే. సంఘం పోలీసుల హాజరు పట్టీగా మారితే మర్నాడు నుంచి ఎవరూ నిజమైన చిరునామా చెప్పరు, నిజంగా ప్రాణం మీదికి వచ్చినప్పుడు కబురూ రాదు. అరెస్టయిన విదేశీయుడు కోరితే అతని రాయబార కార్యాలయానికి తెలియజేయాలని 1963 నాటి వియన్నా ఒప్పందంలోని 36వ అధికరణం చెబుతోంది. లాయరును పెట్టుకునే హక్కు, 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలన్న నియమం మన రాజ్యాంగం 22వ అధికరణంలోనే ఉన్నాయి. ఈ మూడు విషయాలూ ఇంగ్లిష్, ఫ్రెంచ్, అరబిక్‌లలో ఒక చిన్న కార్డు మీద అచ్చు వేయించి, గుర్తింపు కార్డుతో పాటు ఇవ్వండి.

సంక్షేమ పద్దులో మూడింట రెండు వంతులు అత్యవసరాలకే ఉండాలి, పండగలకు ముట్టుకోకూడదు. ఆసుపత్రి అడ్వాన్సు 15,000 రూపాయల దాకా కోశాధికారి, అధ్యాపక సలహాదారు ఇద్దరి సంతకాలతో రెండు గంటల్లో అందాలి. అంతకు మించితే మండలి తీర్మానం. తిరిగి కట్టాల్సిందా, సాయమా అన్నది ఇచ్చేరోజే రాయాలి. సూడాన్‌లో 2023 ఏప్రిల్‌లో యుద్ధం మొదలైనప్పటి నుంచి అక్కడి బ్యాంకుల నుంచి డబ్బు రావడమే గగనమైన కుటుంబాలున్నాయి. అలాంటి విద్యార్థుల ఫీజును ఈ పద్దు మోయలేదు. ఎవరికి వాయిదాలు ఇవ్వాలో మండలి జాబితా ఇస్తే మీ ఫీజుల విభాగం గౌరవించాలి, ఆలస్య రుసుం వేయకూడదు.

ఇథియోపియాలో ఇద్దిర్ అని ఒక ఏర్పాటు ఉంది. నెలనెలా కొంత వేసుకుని, ఎవరి ఇంట్లో చావు వచ్చినా ఖర్చు, వంట, గుడారం, కుర్చీలు అన్నీ ఇద్దిరే చూసుకుంటుంది. కెన్యాలో చామా, సోమాలీల్లో అయూతో, నైజీరియా యొరుబాల్లో ఈసూసు, వీటి తీరు వేరు, అవి మన చిట్టీలాంటివి. విద్యార్థులు వీటిని వెంట తెచ్చుకుంటారు. మొదటిది సంఘానికి పునాది, రెండోదాన్ని సంఘం పేరుతో నడపకూడదు. రిజిస్టర్ కాని చిట్టీ నడపడం 1982 చిట్‌ఫండ్ చట్టం కింద నేరం. పైగా ముందు పాట ఎత్తుకున్నవాడు పరీక్షలవగానే దేశం వెళితే చివరి ఇద్దరికీ ఏమీ మిగలదు. నిబంధనావళిలో ఈ తేడా ఒక్క వాక్యంలో రాయించండి.

చావు మాట తప్పించలేం. ఒక విద్యార్థి చనిపోతే ఏ వరసలో ఏం చేయాలో ముందే రాసి గోడకు అంటించి ఉండాలి. మొదట కుటుంబం నుంచి, దేహాన్ని ఎవరికి అప్పగించాలో, ఇంటికి పంపాలా ఇక్కడే ఖననం చేయాలా అన్న సంతకంతో కూడిన లేఖ, రాయబార కార్యాలయానికి మెయిల్‌లో. ముస్లిం కుటుంబాల్లో చాలావరకు ఇక్కడే త్వరగా ఖననం చేయమంటారు, మనం అడక్కుండా పంపే ఏర్పాట్లలో పడకూడదు. తర్వాత ఆసుపత్రి ధ్రువపత్రం, అసహజ మరణమైతే పోస్టుమార్టం, పోలీసుల నిరభ్యంతర పత్రం, మున్సిపల్ మరణ ధ్రువపత్రం, రాయబార కార్యాలయం నిరభ్యంతరం, పాస్‌పోర్టు రద్దు, ఎంబామింగ్ సర్టిఫికెట్, పెట్టె సీలు వేసిన సర్టిఫికెట్, ఎఫ్ఆర్ఆర్ఓ అనుమతి, ఎయిర్‌లైన్ కార్గో బుకింగ్. అన్ని కాగితాల్లో పేరు స్పెల్లింగు పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. ఆసుపత్రిలో తొందరలో రాసిన ఒక అక్షరం తేడా వల్ల కార్గో దగ్గర పెట్టె ఆగిపోతుంది, వెనక్కి వెళ్లి మొదటి కాగితం నుంచి దిద్దుకురావాలి. అందుకే అంటించిన కవరు తెరిచి, పాస్‌పోర్టు ప్రతిని గుమస్తా ముందు పెట్టడం ఆసుపత్రిలో చేయాల్సిన మొట్టమొదటి పని. గల్ఫ్ నుంచి జగిత్యాల, నిజామాబాద్ వాళ్ల శవపేటికల కోసం శంషాబాద్‌లో కాచుకుని ఉన్న కుటుంబాలు ఎన్ని వారాలు కాగితాల కోసం ఏడ్చాయో తెలిసిన రాష్ట్రం మనది. అదే విమానాశ్రయం నుంచి ఎదురుదిక్కుకు వెళ్లే పెట్టె వెనక కూడా అలాంటి తల్లే ఉంటుంది.

పండగ గురించి రెండు ముక్కలు. 1963 మే 25న అడిస్ అబాబాలో ఆఫ్రికా ఐక్యతా సంస్థ పుట్టింది, ఆ రోజే ఆఫ్రికా దినం. హైదరాబాద్‌లో మే 25 అంటే నడినెత్తిన ఎండ, సగం మంది సెలవులకు వెళ్లిన రోజులు. తేదీ మార్చమంటే వాళ్ల మనసు నొచ్చుకుంటుంది. ఉదయం జెండాలు, ప్రసంగాలు ఆ రోజునే పెట్టించి, వంటలు, సంగీతం సెప్టెంబరులో కొత్తవాళ్ల స్వాగతంతో కలపండి. స్పీకర్లు రాత్రి 10 గంటలకు ఆగాలి, అది అందరికీ ఉన్న నియమం. స్థానిక స్టేషన్‌లో అనుమతి అడిగేటప్పుడు దరఖాస్తు మీ లెటర్‌హెడ్ మీద వెళ్లాలి. వంటకు హాస్టల్ వంటగది ఇవ్వండి. మొక్కజొన్న పిండిని మరుగుతున్న నీళ్లలో పోసి చెక్క గరిటెతో బలంగా కలుపుతూ ఉగాలి చేస్తారు, గరిటెకు అంటకుండా గిన్నె అంచు వదిలిందంటే అయినట్టు. రాగిసంకటి కెలికిన చెయ్యి ఎవరిదైనా ఆ పని చేయగలదు. మన రాగి కూడా తూర్పు ఆఫ్రికా ఎత్తు భూముల నుంచి వచ్చిందే. నగరంలోని ఏసీ గార్డ్స్ ప్రాంతం పేరు నిజాం దగ్గరి ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ నుంచి వచ్చిందనీ, పాతబస్తీ పెళ్లిళ్లలో మోగే మర్ఫా వాయిద్యంలో ఆఫ్రికా మూలాలున్న సిద్దీల చెయ్యి ఉందనీ కొత్త విద్యార్థులకు చెప్పేవాళ్లు లేరు. స్వాగత సభలో ఆ పది నిమిషాలు మీ చరిత్ర విభాగానికి ఇవ్వండి.

ఇవన్నీ ఒకేసారి కావు. ఈ విద్యా సంవత్సరంలో మూడు అడుగుతున్నాం. జనవరిలోగా సంక్షేమ రుసుం పద్దుకు ఉత్తర్వు. ఫిబ్రవరి ఎన్నిక అయిన వారంలోపు గుర్తింపు లేఖ. రాత్రి కూడా ఎత్తే ఒక ఫోన్ నంబరు, దాని వెనక పేరున్న ఒక అధికారి. నిబంధనావళి ముసాయిదా, సభ్యుల రిజిస్టరు నమూనా, మరణ సమయపు వరస పట్టిక మా దగ్గర మూడు భాషల్లో సిద్ధంగా ఉన్నాయి. మీరు పిలిస్తే తెచ్చిపెడతాం.

ఇట్లు,
విదేశీ విద్యార్థి సంఘాలకు రాతల్లో, లెక్కల్లో సాయపడుతున్న కొందరు స్థానికులు
హైదరాబాద్